పది తూటాల రేకు డబ్బా

త్రీనాట్‌త్రీ తుపాకి ముసలిదైపోయిందని అందరూ అన్నారు. దాన్ని ఏళ్ల తరబడి బాగుచేసిన మనిషిని అడిగితే మాత్రం... జబ్బు తుపాకిది కాదు, దాని కడుపు కింద తగిలించిన రేకు డబ్బాది అంటాడు!

ఆయుధపూజ నాడు పోలీసు ఆయుధాగారాల్లో తుపాకులన్నిటినీ వరసగా పేర్చి పసుపూకుంకుమా పెడతారు. గుమ్మడికాయ కొడతారు. మర్నాడు పేపర్లో ఫొటో వస్తుంది. ఫొటోలో రాని సంగతి ఒకటుంది. పూజయ్యాక ఎవరో ఒకరు చాప పరుచుకుని కూర్చుని ఆ తుపాకుల సందుల్లోకి జారిన కుంకుమంతా తుడిచి తియ్యాలి. అనంతపురంలో చాలా ఏళ్లపాటు ఆ పని మా మేనమామది.

‘కుంకుమ అమ్మవారికి మంచిది అల్లుడా, మ్యాగజైన్‌కు కాదు’ అంటాడు ఇప్పటికీ.

మామ పోలీసు ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆర్మరర్ అంటే తుపాకుల మెకానిక్కు. తను కాల్చడు. కాల్చేవాడి తుపాకి మధ్యలో ఆగిపోకుండా చూస్తాడు. ఆ ఉద్యోగం పేరు నోరు తిరగక మా వీధిలో అందరూ ‘తుపాకుల రిపేరాయన’ అనేవాళ్లు. ఆయన చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లింది త్రీనాట్‌త్రీనే. స్టేషను గుమ్మంలో సెంట్రీ భుజాన, పోలింగ్ బూత్ వరండాలో, ఖైదీని కోర్టుకు తీసుకెళ్లే బస్సులో... మనలో ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు చూసిన తుపాకి అది. కాలేజీలో ఎన్‌సీసీ చేసినవాళ్లకైతే దాని బరువు భుజానికి ఇంకా గుర్తుండే ఉంటుంది. నాలుగు కిలోలకు కాస్త తక్కువ!

‘దానికి ఎక్కువగా వచ్చే జబ్బేంటి మామా’ అని ఈమధ్య అడిగాను. ‘ఇంకేముంది... తూటా అందుకోకపోవడం’ అన్నాడు.

గడియారాల షాపులో పుట్టిన ఆలోచన

త్రీనాట్‌త్రీ అంటే గొట్టం కొలత. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో 303. మన లెక్కలో 7.7 మిల్లీమీటర్లు. తుపాకి అసలు పేరు లీ-ఎన్‌ఫీల్డ్. ఎన్‌ఫీల్డ్ అనేది ఇంగ్లండులో ఒకప్పుడు తుపాకుల కర్మాగారమున్న ఊరు. లీ అంటే జేమ్స్ పారిస్ లీ. స్కాట్లండులో 1831లో పుట్టి, చిన్నప్పుడే కెనడా వెళ్లి, తరవాత అమెరికాలో స్థిరపడ్డాడు. తండ్రి గడియారాలు బాగుచేసేవాడు. కొడుకూ ఆ పనే నేర్చుకున్నాడు. అందుకేనేమో, తుపాకిని కూడా గడియారంలాగే చూశాడు... ఒక ముక్క కదిలితే ఇంకోటి దానంతటది వచ్చి కూర్చోవాలి!

అప్పటిదాకా చాలామంది సైనికులు ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చేవాళ్లు. లీ ఏం చేశాడంటే, కింద ఒక రేకు డబ్బా తగిలించాడు. అందులో స్ప్రింగు, స్ప్రింగు మీద చిన్న పలక. తూటాలు ఒకదాని మీద ఒకటి పేరుస్తే స్ప్రింగు వాటిని పైకి నెడుతూ ఉంటుంది. పైనున్న బోల్టును వెనక్కి లాగి ముందుకు తోస్తే, అది పై తూటాను తోసుకుంటూ గొట్టంలోకి చేరుస్తుంది. 1879లో పేటెంటు తీసుకున్న ఆ డబ్బా పేరే మ్యాగజైన్.

మీ చేతిలో ఉన్న ఈ ఆదివారం పుస్తకాన్నీ మ్యాగజైన్ అనే అంటాం కదా... ఇద్దరిదీ ఒకే తల్లి. అరబ్బీలో గోదామును మఖ్‌జన్ అంటారు. అందులోంచే రెండూ వచ్చాయి. ఒకటి కబుర్ల గోదాము, రెండోది తూటాల గోదాము.

లీ-ఎన్‌ఫీల్డ్ డబ్బాలో పది తూటాలు పడతాయి. ఐదేసి తూటాలున్న రేకు పట్టీని పైనుంచి పెట్టి బొటనవేలితో నొక్కితే జరజరా దిగిపోతాయి. దాని పేరు చార్జర్. మొదటి ప్రపంచయుద్ధం నాటికి బ్రిటిష్ సైనికుడు ఈ తుపాకితో నిమిషానికి పదిహేను గుళ్లు గురిచూసి కాల్చేలా శిక్షణ పొందేవాడు. అయితే, సర్కారుకు పొదుపు ఎక్కువ. సిపాయి చేతికి పది తూటాలిస్తే ఊరికే తగలేస్తాడని భయం. అందుకే మొదట్లో డబ్బా మీదికి జరిపే రేకు తలుపు ఒకటి పెట్టారు. అది మూసి ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చాలి. డబ్బాలోవి గండం వచ్చినప్పుడే వాడాలన్నమాట. 1916లో యుద్ధం ముదిరి, తుపాకులు చాలక ఆ తలుపు తీసేశారు.

రెండు మేకుల పాఠం

తూటా ఎందుకు అందుకోదు? మామ దగ్గర ఇప్పుడు తుపాకి లేదు, ఉండకూడదు కూడా. లోపలికెళ్లి పెద్ద మేకులు రెండు తెచ్చాడు. మీ ఇంట్లో ఉంటే మీరూ చూడొచ్చు.

రెండిటినీ బల్ల మీద ఒకే వైపు తలలుండేలా ఆనించి పడుకోబెట్టాడు. ‘తల అంటే తూటా అడుగునుండే అంచు అనుకో. పైనున్నదాన్ని ముందుకు తొయ్యి’ అన్నాడు. పై మేకు తల, కింది మేకు తలకు ముందుంది. తోశాను, సులువుగా వెళ్లింది. ఈసారి పై మేకును కాస్త వెనక్కి జరిపాడు. దాని తల కిందిదాని తల వెనక్కి చేరింది. తోశాను. కింది మేకు తలకు తగులుకుని రెండూ కలిసే కదిలాయి!

‘ఇదే! డబ్బాలో కిందిది కదలడానికి లేదు. పైది పోలేదు. బోల్టు అక్కడే ఆగిపాయె. కానిస్టేబులు ఎంత గుద్దినా రాదు’ అన్నాడు మామ.

త్రీనాట్‌త్రీ తూటా 19వ శతాబ్దపుది. దాని అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. ఆ కాలంలో తూటా గొట్టంలో మరీ లోపలికి దిగిపోకుండా ఆపడానికీ, కాల్చాక ఖాళీ గొట్టాన్ని పట్టి లాగడానికీ ఆ అంచే ఆధారం. ఒక్కో తూటా పెట్టి కాల్చినన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. డబ్బాలో పది పేర్చేసరికి అంచుకూ అంచుకూ పేచీ మొదలైంది. అందుకే చార్జర్ పట్టీలో తూటాలను ఒకదాని అంచు కిందికీ, పక్కదాని అంచు పైకీ వచ్చేలా మార్చి మార్చి పెడతారు. పట్టీని ఎటు తిప్పి పెట్టినా గొడవ ఉండదు. చార్జర్ లేకుండా చేత్తో ఒక్కొక్కటీ నింపేటప్పుడే తొందరలో పొరపాటు జరిగేది.

‘అయితే తప్పంతా నింపినవాడిదేనా?’

‘సగం. ఇంకో సగం డబ్బా పెదాలది’ అన్నాడు.

మ్యాగజైన్ పైభాగాన లోపలికి వంగిన రేకు అంచులుంటాయి. ఆర్మరర్లు వాటిని ‘లిప్స్’ అంటారు. అంటే పెదాలే. తూటాను స్ప్రింగు పైకి తోస్తుంటే ఎగిరిపోకుండా పట్టి ఉంచేవీ, బోల్టు తోసినప్పుడు సరైన చోట వదిలేవీ అవే. డబ్బా ఒక్కసారి సిమెంటు నేల మీద తలకిందులుగా పడితే చాలు, పెదవి వంగుతుంది. విచ్చుకుంటే తూటా ముందే ఎగిరి ముక్కు పైకెత్తి నిలబడుతుంది. మూసుకుంటే ముక్కు కిందికి వాలి గొట్టం అంచుకు పొడుచుకుంటుంది. వంకర ఎంతంటే... కంటికి కనిపించనంత!

డబ్బా తీసేసిన సర్కారు

ఇక్కడో పాత కథ చెప్పుకోవాలి. తూటా అందకపోవడానికి రేకు వంకర ఒక కారణమైతే, ఒకప్పుడు మన పోలీసులకు అసలు అందకుండా చేసింది ప్రభుత్వమే.

కోల్‌కతాకు ఉత్తరాన హుగ్లీ ఒడ్డున ఇషాపూర్ అనే చోట ఆంగ్లేయులు తుపాకుల కర్మాగారం పెట్టారు. (మన శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం కాదు, వేరు!) సైన్యానికి లీ-ఎన్‌ఫీల్డ్‌లు అక్కడ తయారయ్యేవి. మరి పోలీసులకో? 1857 తిరుగుబాటు భయం ఆంగ్లేయుణ్ని చివరిదాకా వదల్లేదు. భారతీయుడి చేతికి మంచి తుపాకి ఇస్తే అది ఎప్పుడు ఎటు తిరుగుతుందో అన్న అనుమానం. అందుకని రెండు యుద్ధాల మధ్యకాలంలో అదే కర్మాగారంలో లీ-ఎన్‌ఫీల్డ్‌ల గొట్టాన్ని నున్నగా మార్చి ‘410 మస్కట్’ తయారుచేశారు. పది తూటాల డబ్బా ఉండాల్సిన చోట చెక్కదిమ్మ బిగించారు. ఒక తూటా పెట్టు, కాల్చు, మళ్లీ పెట్టు. పోలీసులకూ జైలు కాపలాదార్లకూ అవే.

పైనుంచి చూస్తే సైనికుడి తుపాకీ, పోలీసు తుపాకీ ఒకేలా ఉంటాయి. తేడా అంతా గొట్టంలోనూ ఆ డబ్బాలోనూ. స్వాతంత్ర్యం వచ్చి, సైన్యం కొత్త తుపాకులకు మారాక, దాని పాత త్రీనాట్‌త్రీలు రాష్ట్రాల పోలీసులకు చేరాయి. డబ్బా దక్కింది గానీ అప్పటికే దానికి వయసు మీదపడింది.

ఎర్రదుమ్ము

అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో. అది లెక్క మాత్రమే. పడని ఏళ్లు వేరుశెనగ రైతును అడిగితే వేళ్ల మీద చెబుతాడు. వాన లేకపోయినా గాలికి లోటు లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆషాఢం గాలి మొదలైతే ఇంట్లో అన్నం తినే కంచంలోకే ఎర్రదుమ్ము వస్తుంది. ఇక ఆరుబయట టెంటులో పికెట్ కాసే కానిస్టేబులు తుపాకిలోకి రాదా?

మామ చెప్పింది వింటే ఆశ్చర్యం వేస్తుంది. దుమ్ముకంటే నూనె ప్రమాదమట! ‘కొత్త కానిస్టేబుళ్లకు తుపాకి మీద ప్రేమ ఎక్కువ. మ్యాగజైన్ నిండా నూనె కొట్టి తెస్తారు. మెరుస్తా ఉంటుంది. నాలుగు దినాలకు ఆ నూనెలో దుమ్ము కలిసి రుబ్బిన పిండి అయితాది. స్ప్రింగు నిద్రపోతాది.’ కోస్తాలో తుప్పుకు భయపడి నూనె పెట్టాలి. ఇక్కడ పెట్టీ పెట్టనట్టు తుడవాలి. కిరసనాయిల్‌తో కడిగి, బాగా ఆరబెట్టి, నూనె తగిలిన గుడ్డతో ఒక్కసారి రాసి వదిలెయ్యడం ఆయన పద్ధతి.

ఆయనకో నమ్మకం కూడా ఉంది. తూటాలు నింపిన డబ్బాను నెలల తరబడి అలాగే ఉంచితే స్ప్రింగు చచ్చిపోతుందని. మంచి ఉక్కు అయితే నొక్కి ఉంచినంత మాత్రాన చావదనీ, పదేపదే నొక్కి వదలడం వల్లా తుప్పు వల్లా నీరసిస్తుందనీ ఇంజినీర్లు అంటారు. ఆ మాట చెబితే మామ నవ్వి ఊరుకున్నాడు. ఒప్పుకోలేదు.

మెమో అందుకున్న కానిస్టేబులు

ఆయన సర్వీసులో మరిచిపోలేనిది ఏ ఎన్‌కౌంటరో కాదు. ఏటా జరిగే ఫైరింగ్ ప్రాక్టీసు. స్టేషను పేరూ మనిషి పేరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 1990ల్లో సంగతి. ఓ కానిస్టేబులు మొదటి గుండు కాల్చాడు. రెండోది పైకి రాలేదు. బోల్టు తూటా మీదుగా ఖాళీగా వెళ్లిపోయింది. డబ్బాను చేత్తో పైకి నొక్కి పట్టుకుంటే వచ్చింది. వదిలితే మళ్లీ అదే తంతు. తుపాకిని సరిగా చూసుకోలేదని మెమో ఇచ్చారు. అతని ఇంక్రిమెంటు ఆగే పరిస్థితి. అది కాదు అసలు బాధ. అతను ఫ్యాక్షను ఊళ్లో పికెట్ డ్యూటీ నుంచి వచ్చాడు. వారం తిరక్కముందే మళ్లీ అక్కడికే వెళ్లాలి!

‘రాత్రి పన్నెండింటికి మా ఇంటికొచ్చినాడు ప్పా. సార్, మెమో పోతే పోనీ. నేను ఆ తుపాకి ఎత్తుకుని ఆ ఊరికి ఎట్ల పోవాల? అన్నాడు.’

మర్నాడు మామ ఆ తుపాకిని ముందేసుకుని కూర్చున్నాడు. మొదటి పని... ఖాళీ చెయ్యడం. డబ్బా తీసి, బోల్టు తీసి, గొట్టంలోకి వెలుతురు కనబడేలా చూసి, ఆ గదిలో ఒక్క నిజం తూటా కూడా లేకుండా చేసుకోవడం. ఆ తరవాతే ఏదైనా. పరీక్షించడానికి మందు లేని డమ్మీ తూటాలు వేరే ఉంటాయి.

రెండో పని, జబ్బు ఎవరిదో తేల్చడం. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారట. తుపాకి ఆగింది కాబట్టి తుపాకినే విప్పేస్తారు. మామ మాత్రం బాగా పనిచేసే ఇంకో తుపాకి తెచ్చుకుని రెండిటి డబ్బాలూ మార్చి చూస్తాడు. జబ్బు డబ్బాతోపాటు వెళ్లిపోతే డబ్బాది. తుపాకి దగ్గరే ఉండిపోతే తుపాకిది. ఆరోజు జబ్బు ఎటూ వెళ్లలేదు... మాయమైపోయింది! ఈ డబ్బా ఆ తుపాకిలో పనిచేసింది, ఆ డబ్బా ఈ తుపాకిలో పనిచేసింది.

అప్పుడు అర్థమైంది. లీ-ఎన్‌ఫీల్డ్ డబ్బా ఊడివస్తుంది గానీ మార్చుకోవడానికి కాదు, తుడుచుకోవడానికే. ఏ తుపాకికి ఆ డబ్బాను సరిచూసి బిగిస్తారు. ట్రిగ్గరు గార్డు లోపల ఉండే చిన్న కొక్కెం దాన్ని పట్టి ఉంచుతుంది. కొక్కెం కాస్త అరిగి, దానికి తోడు పరాయి డబ్బా పడితే... వెంట్రుక మందం కిందికి దిగి కూర్చుంటుంది. అంతే, బోల్టుకు తూటా అంచు అందదు. ఎప్పుడో సామూహికంగా తుపాకులు తుడిచినరోజు డబ్బాలన్నీ ఒకే టేబులు మీద పోసి, చేతికొచ్చినవి బిగించారు. ఆ కానిస్టేబులు వంతుకు వచ్చింది తనది కాదు.

మామ రిపోర్టు రాశాడు. మెమో వెనక్కి వెళ్లింది. ఆ తరవాత చేసిన పని ఇంకా పెద్దది. ప్రతి డబ్బా అడుగునా దాని తుపాకి నంబరు తెల్ల పెయింటుతో రాసుకుంటూ పోయాడు. ‘నెల పట్టింది. చేతికి పెయింటు వాసన పోలేదు. మీ అత్త అన్నం పెట్టలేదు’ అని నవ్వాడు.

గోరంత వంచాలి... కొండంత ఓపిక కావాలి

డబ్బాదే జబ్బయినప్పుడు ఏం చేస్తారు? పలక వెనక భాగాన్ని వేలితో నొక్కి, ముందు భాగాన్ని పెదాల కిందినుంచి తప్పిస్తే పలకా స్ప్రింగూ బయటికి వస్తాయి. పలక తనంతట తాను పైకి లేస్తోందా, ఎక్కడైనా గీరుకుంటోందా చూడాలి. డబ్బా పక్కన సొట్ట ఉంటే లోపల సరైన కొలత చెక్కముక్క పెట్టి బయటినుంచి మెల్లగా సరిచెయ్యాలి. స్ప్రింగు నీరసిస్తే సాగదీసి మళ్లీ వెయ్యడం ఆయనకు నచ్చదు, కొత్తది వెయ్యాల్సిందే. సాగదీసింది నాలుగు రోజులు మాత్రం పనిచేస్తుంది, ఐదో రోజు పికెట్‌లో ఆగుతుంది.

పెదాలు సరిచెయ్యడమే అన్నిటికన్నా కష్టం. సన్న మూతి పట్టకారుతో ఒక్క పిసరు వంచాలి. పది డమ్మీలు నింపి, బోల్టు పదిసార్లు ఆడించాలి. మళ్లీ పిసరు. మళ్లీ పది. ఎక్కువ వంచి వెనక్కి లాగితే రేకు అలిసిపోయి పగులుతుంది. ఒక్కోసారి ఒక్క డబ్బాకు పూటంతా పట్టేదట.

ఇంకో మోసం కూడా ఉంది. కాల్చిన తూటా ఖాళీ గొట్టం బయటికి రాకుండా లోపలే ఇరుక్కుంటే, వెనకొచ్చే తూటా దానికి గుద్దుకుని ఆగుతుంది. చూసేవాడు మ్యాగజైన్‌ను తిడతాడు. నిజానికి తప్పు బోల్టు కొసనుండే లాగుడు కొక్కేనిది... లేదా పాత తూటాది.

ఒక్క మాట. మామ పని చదివి ఎవరూ చేతులు దురద పెట్టుకోవద్దు. మన ఆయుధాల చట్టం ప్రకారం త్రీనాట్‌త్రీ సామాన్యుడి దగ్గర ఉండదగ్గ తుపాకి కాదు. పొలం కాపలాకో ఆత్మరక్షణకో లైసెన్సు మీద కొనుక్కునే 315 రైఫిలు దీనికి తమ్ముడే. ఇదే పోలిక, అదే అంచు తూటా, దాదాపు అవే జబ్బులు. దానికైనా లైసెన్సున్న ఆయుధాల దుకాణం దారే పట్టాలి.

అంచు లేని తూటా

1962 చైనా యుద్ధం తరవాత ఇషాపూర్‌లోనే ఈ పేచీకి మందు దొరికింది. పాత లీ-ఎన్‌ఫీల్డ్ ఒడ్డూపొడుగూ అలాగే ఉంచి, గట్టి ఉక్కుతో, 7.62 మిల్లీమీటర్ల కొత్త తూటాకు సరిపోయే తుపాకి చేశారు. ఆ తూటాకు బయటికి పొడుచుకొచ్చే అంచు లేదు, గాడి మాత్రమే ఉంటుంది. కాబట్టి ఒకదానికొకటి తగులుకునే ప్రశ్నే లేదు. డబ్బా నలుచదరంగా మారింది, పన్నెండు తూటాలు పట్టేవి. అప్పటికే ప్రపంచమంతా దానంతటది తూటా ఎక్కించుకునే తుపాకులకు మారిపోతుండటంతో ఇదీ ఎక్కువకాలం సాగలేదు. అలాంటివి, పాత త్రీనాట్‌త్రీలు కొన్ని, సైనిక మిగులు సరుకు కింద అమెరికా చేరాయి. అక్కడ సరదాకు కొనుక్కున్నవాళ్లు గ్యారేజీల్లో కూర్చుని మామ పడ్డ తిప్పలే పడుతుంటారు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో మనవాళ్లు ఎవరైనా ఇషాపూర్ ముద్ర చూస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు.

2008 నవంబరు 26 రాత్రి ముంబయి సీఎస్‌టీ స్టేషన్లో ఏకే-47లతో వచ్చిన ఉగ్రవాదుల ఎదుట రైల్వే పోలీసుల చేతుల్లో ఉన్నది త్రీనాట్‌త్రీలే. ఆ తరవాత ఈ తుపాకి దేశమంతటా నవ్వులపాలైంది. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 గణతంత్ర దినోత్సవ కవాతుతో దానికి వీడ్కోలు చెప్పారు. ‘ముసలిదాన్ని తిట్టినారు గానీ, దాని డబ్బా ఎప్పుడు తుడిచినారో ఒక్కడూ అడగలేదు’ అన్నది మామ కోపం. నాకు మాత్రం ఆ కోపంలో సగమే న్యాయం కనిపిస్తుంది. ఎంత తుడిచినా అది ప్రతి గుండుకూ బోల్టు లాగాల్సిన తుపాకే. డబ్బా బాగుండి ఉంటే ఆ రాత్రి తీరు మారేదని చెప్పలేం. బాగుందో లేదో తెలియని డబ్బాతో మనిషిని నిలబెట్టడం మాత్రం... ఆ తప్పు ఏకే-47ది కాదు.

2022లో జిల్లా రెండయింది. మామ చేసిన ఊళ్లు కొన్ని ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. ఆయన పెయింటు వేసిన నంబర్లు ఎక్కడున్నాయో ఆయనకే తెలియదు. ఇప్పుడు వీధిలో కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. డబ్బులడగడు, ఇస్తే తీసుకుంటాడు.

మేం మాట్లాడుతుండగానే ఎదురింటమ్మాయి మిషను తలకాయ ఎత్తుకుని వచ్చింది.

‘తాతా, దారం మాటిమాటికీ తెగిపోతాంది. మిషను మార్చల్లంటాండారు.’

మామ మిషను వైపు చూడను కూడా లేదు. చెయ్యి చాపాడు. ‘బాబిన్ కేసు ఇట్లియ్యి పాపా.’

విప్పి, వెలుతురుకు పెట్టి చూసి, నోటితో ఉఫ్‌మని ఊదాడు. బల్ల మీది రెండు మేకుల పక్కన చిటికెడు ఎర్రదుమ్ము పడింది.